చిన్న ఇంగ్లిష్ పదాల వేట: తరచుగా అడిగే ప్రశ్నలు

నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం సాయంత్రాలు స్క్రాబుల్ ఆడతాం: సంచిలోంచి ఏడేసి అక్షరాల బిళ్లలు తీసుకుని, గడుల బోర్డు మీద ఇంగ్లిష్ పదాలు కట్టి, ఒక్కో బిళ్ల మీదున్న పాయింట్లు కూడబెట్టే ఆట. నాలుగు బోర్డులు, ఒక ఫ్లాస్కు చాయ్, ఒక ప్యాకెట్ ఉస్మానియా బిస్కెట్లు. కొత్తవాళ్లు వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు. వాట్సాప్ గ్రూపులో అవే జవాబులు టైపు చేసి చేసి విసుగొచ్చి, అన్నీ ఇలా ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. బోర్డు దగ్గర స్పెల్లింగు పైకి చదివినట్టే ఇక్కడా రాశాను: సీ-ఏ-టీ అంటే పిల్లి.

## మొదలుపెట్టే ముందు

నా ఇంగ్లిష్ అంతంత మాత్రమే. నేను ఆడగలనా?

నిక్షేపంలా ఆడొచ్చు. ఇది భాషకన్నా అక్షరాల ఆట. థాయ్‌లాండ్‌లో ఇంగ్లిష్ ఇంటి భాష కాదు, అయినా 2003లో పనుపోల్, 2009లో పకోర్న్ అనే ఇద్దరు థాయ్ ఆటగాళ్లు ప్రపంచ విజేతలయ్యారు. మా గుంపులో గలగలా ఇంగ్లిష్ మాట్లాడే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లని రైల్వేలో రిటైరైన మెట్టుగూడ బాబాయ్ గారు ప్రతివారం ఓడిస్తారు. ఆయన ఇంగ్లిష్‌లో మాట్లాడగా నేనింతవరకూ వినలేదు.

అర్థం తెలియని పదం వేయొచ్చా?

వేయొచ్చు. పదం డిక్షనరీలో ఉందా లేదా అన్నదే రూలు, మీకు అర్థం తెలుసా అని ఎవరూ అడగకూడదు. న్యూజిలాండ్ ఆటగాడు నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచ్ మాట్లాడటం రాకుండానే పదాల జాబితా బట్టీ పట్టి 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే చేశాడు.

నా మట్టుకు నేను అర్థం కూడా చెబుతాను. అర్థం తెలిస్తే పదం గుర్తుండిపోతుంది. ఏ-ఐ చెల్లుతుంది అనగానే గచ్చిబౌలి నుంచి వచ్చేవాళ్లంతా ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనుకుంటారు. కాదు. అది దక్షిణ అమెరికాలో చెట్టుకు వేలాడుతూ బతికే, మూడు గోళ్ల బద్ధకపు జంతువు పేరు. ఒకసారి విన్నాక ఎవరూ మర్చిపోలేదు.

ఏ డిక్షనరీ పట్టుకోవాలి?

ప్రపంచ పోటీల్లో వాడేది కాలిన్స్ స్క్రాబుల్ వర్డ్స్. మేమూ అదే పెట్టుకున్నాం. అమెరికా వాళ్ల జాబితా వేరు, కొంచెం చిన్నది. ఏదైనా ఫరవాలేదు గానీ ఆట మొదలవక ముందే ఒకటి ఖాయం చేసుకోండి, ఏ సంవత్సరం ఎడిషనో కూడా చూసుకోండి.

ఇది నాకు పరువు పోయి తెలిసిన సంగతి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పెడతారు కదా, అక్కడ కొన్న పాత కాలిన్స్ చేతిలో పెట్టుకుని, ఓ తొమ్మిదో తరగతి అబ్బాయి వేసిన ఓ-కే చెల్లదని తీసేయించాను. వాడు మారు మాట్లాడకుండా ఫోన్ తీసి చూపించాడు. కాలిన్స్‌లో 2019 ఎడిషన్ నుంచి ఓ-కే ఓకేనట.

రెండక్షరాల పదాలు ఎన్ని ఉన్నాయి? అన్నీ బట్టీ పట్టాలా?

కాలిన్స్ 2019 ఎడిషన్‌లో 127, అమెరికా జాబితాలో 107. భయపడకండి. హీ, గో, నో, ఇన్, ఆన్, అప్, మై, బై ఇలా నలభై దాకా మీకు ముందే తెలుసు. మిగిలినవి వారానికి ఐదు చొప్పున నేర్చుకుంటే నాలుగు నెలల పని. ఆల్ఫాబెట్ వరసలో కాకుండా కష్టమైన అక్షరాల వారీగా నేర్చుకోండి: ముందు క్యూ, జెడ్, ఎక్స్, జే, తర్వాత కే, తర్వాత వట్టి అచ్చులవి. ఆటలో పనికొచ్చేది ఆ వరసే.

## వెతికేటప్పుడు

'ఈ అక్షరాలున్న పదాలు' అని నెట్‌లో కొడితే వందల్లో వస్తున్నాయి. ఎక్కడ పొరపాటు?

అడగడంలోనే. 'ఈ అక్షరాలతో పదం' అనే మాటలో మూడు వేరు వేరు ప్రశ్నలున్నాయి. నాకు వచ్చే సందేహాల్లో సగం వీటిని కలిపేయడం వల్ల వచ్చినవే.

మీ దగ్గర ఏ, ఈ, టీ ఉన్నాయనుకోండి. మొదటి ప్రశ్న: ఈ మూడూ ఎక్కడో ఒకచోట ఉండి, వేరే అక్షరాలూ ఉండే పదాలేవి? టీమ్, ప్లేట్, హార్ట్, వాటర్, ఇలా అంతూ పొంతూ ఉండదు. రెండోది: ఈ మూడింటితోనే, బయటి అక్షరం లేకుండా అయ్యేవేవి? టీ-ఈ-ఏ, ఈ-ఏ-టీ, ఏ-టీ-ఈ, ఈ-టీ-ఏ, ఇంకో ఒకటీ అరా. మూడోది: ఫలానా అక్షరం ఫలానా గడిలోనే ఉండాలి, మిగతా గడులు ఖాళీ. ఇది క్రాస్‌వర్డ్ వాళ్ల ప్రశ్న.

స్క్రాబుల్‌లో మీ ముందు చెక్క మీద నిలబెట్టుకున్న ఏడు బిళ్లలకి రెండో ప్రశ్న వేయాలి. బోర్డు మీది ఒక అక్షరాన్ని వాడుకోవాలంటే రెండూ మూడూ కలిపి వేయాలి. వెబ్‌సైట్లలో వీటికి వేరే వేరే పెట్టెలుంటాయి. తొందరలో అందరూ మొదటి పెట్టెలోనే అన్నీ కొట్టేస్తారు.

ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తులు దేనికి?

? అంటే ఏదో ఒక్క అక్షరం. * అంటే ఎన్ని అక్షరాలైనా, అసలు లేకపోయినా సరే. మూడక్షరాలు, నడుమ ఏ ఉండాలంటే ప్రశ్నార్థకం, ఏ, ప్రశ్నార్థకం కొట్టండి. జే తో ముగిసేవన్నీ కావాలంటే నక్షత్రం, ఆ పక్కన జే. వన్‌లుక్ లాంటి డిక్షనరీ సైట్లలో ఇవి పనిచేస్తాయి. పదాల జాబితాని ఎక్సెల్‌లో పెట్టుకుంటే ఫిల్టర్‌లో కూడా ఇవే గుర్తులు. నెట్ లేనప్పుడు నేను వాడేది అదే.

ఫోన్ ముట్టుకోకుండా ఏడు బిళ్లల్లోంచి పదం బయటికి రావాలంటే?

బిళ్లల్ని కదపండి. అదే సగం మంత్రం. వచ్చిన వరసలోనే వాటిని పెట్టుకుని గుడ్లప్పగించి చూస్తే కళ్లు ఆ వరసకే అలవాటు పడిపోతాయి. అచ్చులు ఒక పక్కకి, హల్లులు ఒక పక్కకి జరపండి. ఎస్-హెచ్, సీ-హెచ్, టీ-హెచ్, ఎస్-టీ లాంటి జంటలుంటే అతికించి చూడండి. మెట్టుగూడ బాబాయ్ గారైతే తన వంతు వచ్చేలోపు కనీసం పదిసార్లు కలుపుతారు, బీరకాయ ముక్కలు మూకుడులో కలిపినట్టు.

ఒక పదం దొరకగానే ఆగిపోకండి. ఈ, ఏ, ఆర్, టీ, హెచ్ ఉంటే అందరికీ ఎర్త్ కనిపిస్తుంది. ఆ ఐదింటిలోనే హార్ట్ ఉంది, హేటర్ ఉంది. బోర్డు మీద హెచ్ తో మొదలయ్యేది పట్టే చోట ఎర్త్ పట్టకపోవచ్చు.

పైకి చదివితే బీ, డీ, పీ, టీ అన్నీ ఒకేలా వినిపిస్తున్నాయి.

బాల్, డాగ్, పెన్, టేబుల్ అని చెప్పండి, ఫోన్‌లో పాన్ నంబరు చెప్పినట్టే. అమెరికా నుంచి వచ్చిన పిల్లలు జెడ్‌ని 'జీ' అంటారు. మన చెవికి అది గోట్‌లో జీ. ఒక ఆటలో దీనివల్ల పది పాయింట్ల అక్షరం రెండు పాయింట్లదైపోయింది.

## మొండి అక్షరాలు

క్యూ వచ్చింది, యూ లేదు. ఇక నా పని అయిపోయినట్టేనా?

హైదరాబాద్ వాళ్లు అడగాల్సిన ప్రశ్న కాదిది! యూ లేని క్యూ పదాల్లో చాలావరకు అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ దారిన ఇంగ్లిష్‌లోకి వెళ్లినవే. పాతబస్తీలో ఒక రౌండు వేస్తే బోర్డుల మీదా, మాటల్లోనూ తగిలేవే.

అన్నిటికంటే ముందు క్యూ-ఐ. రెండక్షరాల్లో క్యూ ఉన్నది ఇదొక్కటే. చైనా వైద్యంలో ప్రాణశక్తి. ఒక్క ఐ దొరికితే చాలు, 11 పాయింట్లు చేతిలో పడతాయి. మూడక్షరాల్లో క్యూ-ఏ-టీ, యెమెన్‌లో నమిలే ఆకు. బార్కస్‌లో ఉండే పాత కుటుంబాల వాళ్లకి చెప్పక్కర్లేదు, వాళ్ల పూర్వీకులు అక్కణ్నుంచే నిజాం సైన్యంలోకి వచ్చారు.

ఇక నాలుగు, ఐదు అక్షరాలు. డబ్ల్యూ-ఏ-క్యూ-ఎఫ్, అంటే వక్ఫ్: పాయింట్లు పెంచే రంగు గడులు తగలకుండా, వట్టి గడుల మీదే 19 పాయింట్లు. ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్, ఫకీరు: 17. టీ-ఏ-ఎల్-ఏ-క్యూ, తలాక్: 14. క్యూ-ఐ-బీ-ఎల్-ఏ, మసీదులో నమాజు చేసే దిక్కు: 16. క్యూ-ఓ-ఆర్-ఎం-ఏ, మన కుర్మానే. ఎన్-ఐ-క్యూ-ఏ-బీ, నిఖాబ్. ఇవి కాలిన్స్ జాబితా ప్రకారం. ఇక్బాల్, సిద్దిఖ్ లాంటివి మాత్రం మనుషుల పేర్లు, చెల్లవు.

క్యూ-ఏ-డబ్ల్యూ-డబ్ల్యూ-ఏ-ఎల్-ఐ, ఖవ్వాలీ, చిన్న పదం కాదు గానీ చెప్పకుండా ఉండలేను. సరిగ్గా ఏడు అక్షరాలు. ఏడు బిళ్లలూ ఒకేసారి వేస్తే 50 బోనస్, దాంతో కనీసం 72. ఇద్దరు డబ్ల్యూలూ ఒకేసారి రావాలి కాబట్టి నాకింతవరకూ పడలేదు. ఆశ మాత్రం ఉంది.

జెడ్, ఎక్స్, జే లకి చిన్న పదాలు చెప్పండి.

జెడ్-ఏ, పిజ్జాకి అమెరికా ముద్దుపేరు. జెడ్-ఓ, హిమాలయాల్లో జడల బర్రెకీ ఆవుకీ పుట్టిన పశువు. జెడ్-ఈ 2019లో చేరింది. జెడ్-ఓ, జెడ్-ఈ కాలిన్స్‌లోనే ఉన్నాయి.

ఎక్స్ ఈ ముగ్గురిలో మంచిది: ఏ-ఎక్స్, ఈ-ఎక్స్, ఓ-ఎక్స్, ఎక్స్-ఐ, ఎక్స్-యూ. అంటే ప్రతి అచ్చు పక్కనా ఇటో అటో కూర్చుంటుంది. ఎక్స్-ఐ గ్రీకు అక్షరం, ఎక్స్-యూ వియత్నాం చిల్లర నాణెం.

జే కి రెండే: జే-ఓ, జే-ఏ. కానీ జే తో ముగిసే ఇంగ్లిష్ పదాలు చూడండి, దాదాపు అన్నీ మన వైపువే: రాజ్, తాజ్, హజ్, స్వరాజ్. తాజ్ హోటలూ కాదు, మహలూ కాదు, తలమీద పెట్టుకునే కోసైన పొడుగు టోపీ. అందుకే చెల్లుతుంది.

వీ తో రెండక్షరాల పదం ఎంత వెతికినా దొరకట్లేదు.

లేదు కాబట్టి. ఏ జాబితాలోనూ లేదు. సీ కి కాలిన్స్‌లో సీ-హెచ్ ఒక్కటే ఉంది, అమెరికా జాబితాలో అదీ లేదు. మూడక్షరాలకి వెళ్లండి: వీ-ఏ-ఎన్, వీ-ఐ-ఏ, వీ-ఈ-ఎక్స్, ఐ-వీ-వై, ఈ-వీ-ఈ, ఎల్-యూ-వీ. ఎదుటివాళ్లకి దారి మూసేయాలంటే వీ కంటే మంచి తాళం లేదు, దాని పక్కన రెండక్షరాల పదం కట్టలేరు కదా.

ఐలు, యూలు, ఏలు గుంపుగా వచ్చి పడ్డాయి. ఎలా వదిలించుకోవాలి?

రెండు ఐలుంటే ఇడ్లీ వేయండి: ఐ-డీ-ఎల్-ఐ. బీడీ కూడా చెల్లుతుంది, బీ-ఐ-డీ-ఐ. రెండు యూలుంటే గురు. రెండు ఏలుంటే రాగ, రాజా, వడ. మన టిఫిన్ సెంటర్ మెనూ ఒకసారి గుర్తు చేసుకుంటే చాలు.

వట్టి అచ్చులే మిగిలితే ఏ-ఏ (హవాయి దీవుల గరుకు లావా), ఏ-ఈ, ఓ-ఈ, ఓ-ఐ, ఈ-ఏ-యూ. పిల్లి అరుపు ఎమ్-ఐ-ఏ-ఓ-యూ నాలుగు అచ్చుల్ని మింగుతుంది. నాలుగు అచ్చులతో పాటు క్యూ కూడా ఉందా? రేషన్ షాపు ముందు నిలబడేదే: క్యూ-యూ-ఈ-యూ-ఈ. ఏదీ కుదరకపోతే వంతు వదులుకుని బిళ్లలు మార్చుకోండి. సంచిలో కనీసం ఏడు మిగిలుండాలి.

ఒక్క అచ్చు కూడా లేదు. పదం అవుతుందా?

అవుతుంది. నోటితో చేసే శబ్దాలు పనికొస్తాయి: ఎస్-హెచ్, హెచ్-ఎమ్, ఎమ్-ఎమ్, బీ-ఆర్-ఆర్, పీ-ఎస్-టీ, టీ-ఎస్-కే. ఎన్-టీ-హెచ్ ఉంది, లెక్కల్లో వాడేదే. సీ-డబ్ల్యూ-ఎమ్ అయితే వేల్స్ భాషలో లోయ, 'కూమ్' అని పలకాలి. వై ఉంటే అసలు కష్టమే లేదు: మై, బై, షై, జిమ్, మిత్, లింక్స్.

## బోర్డు మీద

చాలా రెండక్షరాల పదాలకి వచ్చేది నాలుగైదు పాయింట్లే. వాటి వెనక ఇంత హడావిడి ఎందుకు?

ఒక్కదానికి రావు. ఒకేసారి మూడు నాలుగు కడితే వస్తాయి. బోర్డు మీద అడ్డంగా హోమ్ ఉందనుకోండి: హెచ్-ఓ-ఎమ్-ఈ. దాని కింద వరసలో, హెచ్ కిందినుంచి మొదలుపెట్టి ఏ-ఎన్-వై వేయండి. ఇప్పుడు నిలువుగా చదవండి: హెచ్-ఏ, ఓ-ఎన్, ఎమ్-వై. మూడూ పదాలే. ఎనీకి 6, హాకి 5, ఆన్‌కి 2, మైకి 7. మూడు బిళ్లలకి 20 పాయింట్లు, రంగు గడి ఒక్కటీ తగలకుండానే. ఇందులో మీకు తెలియని పదం ఒక్కటి చెప్పండి!

రంగు గడి కూడా కలిస్తే ఇంకో లెక్క. అక్షరానికి మూడింతలిచ్చే గడికి ఎడమ పక్కన ఏ, పైన ఈ ఉన్నాయి. అక్కడ ఒక్క ఎక్స్ పెడితే అడ్డంగా ఏ-ఎక్స్, నిలువుగా ఈ-ఎక్స్. ఎనిమిది మూళ్లు 24, దానికి ఒకటి కలిపితే 25. రెండు వైపులా కాబట్టి 50. ఒకే ఒక్క బిళ్ల.

టీవీ, ఏసీ, పీసీ అందరూ వాడే మాటలే కదా, ఎందుకు ఒప్పుకోరు?

పొడి అక్షరాలు చెల్లవు. ఐ-డీ చెల్లుతుంది గానీ మెడలో వేసుకునే కార్డు అని కాదు, మనస్తత్వశాస్త్రంలో వాడే పదం కాబట్టి. ఏ-డీ, అంటే ప్రకటన, చెల్లుతుంది. ఏ-ఎమ్ చెల్లుతుంది, పీ-ఎమ్ చెల్లదు. ఎందుకో మీకే తెలుస్తుంది.

మన తెలుగు మాటలేవైనా ఉన్నాయా?

భారతీయ భాషల మాటలు బోలెడు: దాల్, ఘీ, దోస, శారీ, రోటీ, లాఖ్. యూ-ఆర్-డీ అంటే మినుములు. అచ్చంగా తెలుగులోంచి పోయినదంటే బ్యాండికూట్: మన పందికొక్కు. తొమ్మిదక్షరాలు కాబట్టి వేసే అవకాశం తక్కువ, గర్వపడే అవకాశం ఎక్కువ.

ఎదుటివాళ్లు వేసిన పదం లేదనిపిస్తే?

సవాలు చేయండి, కానీ తప్పయితే మూల్యం ఉండాలి. అమెరికా పద్ధతిలో పదం చెల్లితే సవాలు చేసినవాళ్ల వంతు పోతుంది. అంతర్జాతీయ పోటీల్లో ఎక్కువగా పదానికి 5 పాయింట్లు అవతలివాళ్లకి ఇస్తారు. మూల్యం లేకపోతే ప్రతి పదానికీ డిక్షనరీ తీస్తారు, చాయ్ చల్లారిపోతుంది.

కొత్త సెట్టు కొన్నాను. బిళ్లలన్నీ ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

మొత్తం 100 ఉండాలి: 98 అక్షరాలు, 2 ఖాళీవి (ఏ అక్షరంగానైనా వాడుకోవచ్చు). ఈ 12, ఏ 9, ఐ 9, ఓ 8, ఎన్, ఆర్, టీ ఆరేసి, డీ, ఎల్, ఎస్, యూ నాలుగేసి, జీ 3. జే, కే, క్యూ, ఎక్స్, జెడ్ ఒక్కొక్కటే. మిగిలినవన్నీ రెండేసి. ఆట కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ అమెరికాలో ఆర్కిటెక్టు. 1930లలో న్యూస్‌పేపర్లు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి ఈ సంఖ్యలు తేల్చాడు. ఆన్‌లైన్‌లో నేను తెప్పించిన ఒక సెట్టులో క్యూనే లేదు. మూడు వారాలు ఆడాక గానీ గమనించలేదు. ఎవరికీ క్యూ రావట్లేదని అందరం సంతోషంగానే ఉన్నాం మరి.

## వర్డిల్ ఆడేవాళ్లకి

మొదటి పదం ఏది వేయాలి?

వర్డిల్ అంటే ఆరు ప్రయత్నాల్లో ఐదక్షరాల ఇంగ్లిష్ పదాన్ని పట్టుకునే ఆన్‌లైన్ ఆట, సరైన చోట పడ్డ అక్షరం ఆకుపచ్చ అవుతుంది. మొదట క్రేన్ లేదా స్లేట్ వేయండి. ఎక్కువగా వచ్చే అక్షరాలు ఐదూ వేరు వేరుగా ఉంటాయి. అచ్చుల కోసం అడియూ వేసేవాళ్లున్నారు. నాకు నచ్చదు. అచ్చులు తెలిసినా పదం తెలీదు, హల్లులే పట్టిస్తాయి.

నాలుగు ఆకుపచ్చ అయ్యాయి, అయినా ఓడిపోయాను. అదెలా?

ఐ-జీ-హెచ్-టీ దొరికిందా? ముందు అక్షరం ఎల్, ఎమ్, ఎన్, ఆర్, ఎస్, ఎఫ్, టీ, ఈ, ఏదైనా కావచ్చు. ఒక్కొక్కటీ వేసి చూస్తే ఆరు అవకాశాలూ హుష్‌కాకి. అలాంటప్పుడు జవాబు కాదని తెలిసీ ఫిల్మ్స్ వేయండి. ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగూ ఒక్క దెబ్బకి తేలిపోతాయి.

మనం రాసే స్పెల్లింగు తప్పంటోందేంటి?

వర్డిల్‌ని జాష్ వార్డిల్ 2021లో బయటపెట్టాడు, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. స్పెల్లింగు అమెరికాది. హ్యూమర్, కలర్, లేబర్ మనం యూ పెట్టి ఆరు అక్షరాలు రాస్తాం, వాళ్లకి ఐదే. 2022 ఫిబ్రవరిలో యూ లేని హ్యూమర్ జవాబుగా వచ్చినప్పుడు బ్రిటన్‌లో కూడా గోల చేశారు.

## పిల్లల కోసం

మా పాప యూకేజీ. మూడక్షరాల పదాలు రాసుకు రమ్మన్నారు. ఎలా నేర్పాలి?

రెండక్షరాలు స్థిరంగా ఉంచి ముందు అక్షరం మార్చండి. అట్టముక్క మీద ఏ-టీ రాసి, ఇంకో పొడుగు కాగితం మీద బీ, సీ, ఎఫ్, హెచ్, ఎమ్, పీ, ఆర్, ఎస్ నిలువుగా రాసి పక్కన జరుపుతూ పోతే బ్యాట్, క్యాట్, ఫ్యాట్, హ్యాట్ అని వాళ్లే అరుస్తారు. తర్వాత ఏ-ఎన్, ఐ-ఎన్, ఓ-టీ.

మా మేనకోడలికి నేను ఇలాగే నేర్పుతూ, నోరూరుకోక క్యూ కూడా రాశాను. హోంవర్క్ నోట్‌బుక్‌లో అది శుభ్రంగా క్యూ-ఏ-టీ అని రాసి, పక్కన పచ్చటి ఆకు బొమ్మ కూడా వేసింది. టీచర్ ఎర్ర పెన్నుతో కొట్టేసి సీ-ఏ-టీ అని దిద్దింది. ఆకుకి మాత్రం ఒక స్టార్ ఇచ్చింది.